ఐదో తేడా

నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో, జింకల వేట మొదలవడానికి మూడు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం మూడుంబావు. వెండెల్ కుచెరా తుపాకుల కొట్లో అతనూ, ఒకప్పుడు అతనికి నాలుగో తరగతి చెప్పిన ఆర్డిస్ వెటర్ టీచరూ తప్ప ఇంకెవరూ లేరు. ఆవిడ రిటైరై పదకొండేళ్ళయింది గానీ గొంతు మాత్రం ఇంకా బ్లాక్‌బోర్డు దగ్గరే ఉంది.

"ఆ పిస్టళ్ళు మూడూ తియ్యి. ఒకటి చాలదు."

"మూడూ ఎందుకు టీచర్? కొనేదయితే ఈ కొత్తది చూడండి చాలు. పాతవి ఇప్పుడెవరూ..."

"కొనడానికొచ్చానని నీతో చెప్పానా? మూడూ తీసి వరసగా పెట్టు. మొదటిది ఎడమచేతి వైపు."

"పరీక్ష పెడుతున్నారా?"

"పరీక్షంటే నీకు ఇంకా చెమటలు పడుతున్నాయే! పెట్టు."

"ఇదిగో. ఇది ఈ రకంలో మొదటిది, ఇరవై ఆరేళ్ళ కిందట వచ్చింది. షెరీఫ్ ఆఫీసులో అప్పట్లో అందరి నడుముకీ ఇదే. ఇది రెండోది. వేళ్ళు కుదురుకుంటాయని పిడికి గాడులు పెట్టారు. సగం మందికి వేళ్ళు కుదరక తిట్టుకున్నారు. ఇది మూడోది, నిరుడొచ్చింది. ఆ గాడులు తీసేసి మళ్ళీ మొదటిదానిలాగే చేశారు. దూరం నుంచి చూస్తే మొదటిదీ మూడోదీ కవలపిల్లలే."

"దగ్గర్నుంచి చూస్తే?"

"దగ్గర్నుంచి చూసినా... అంతే. దాదాపు అంతే. కాఫీ తాగుతారా?"

"మీ ఆవిడ పెట్టిందా, నువ్వు పెట్టావా?"

"నేనే."

"అయితే వద్దు. లైల్‌ది మొదటిదే కదూ?"

"అవును... మొదటిదే. ఈ బల్ల దగ్గరే కొన్నారు, మా నాన్న ఉన్నప్పుడు. ఎలా ఉన్నారు ఆయన?"

"చెవి ఎందుకు పట్టుకున్నావు?"

"దురద, టీచర్."

"ఎలా ఉంటాడు? నిన్న పొద్దున నన్ను చూసి, 'అమ్మా, తమరు ఎవరింటికొచ్చారు?' అన్నాడు. నలభై నాలుగేళ్ళ కాపురం మాది. టోపీ తీసి మరీ అడిగాడు. మర్యాదకేం లోటు లేదు."

"అయ్యో."

"అయ్యో అనకు. దానికి అలవాటు పడ్డాను. పొద్దున మరిచిపోతాడు, మధ్యాహ్నానికి మళ్ళీ గుర్తొస్తాను. రెండు పూటల్లో ఒక పూటైనా నేను ఆయన పెళ్ళాన్నే కదా అనుకుంటున్నా. ఈ నాలుగు రోజుల నుంచీ వేరే పురుగు పట్టుకుంది. అది నా వల్ల కావట్లేదు వెండెల్."

"ఏమిటది?"

"తన తుపాకీని ఎవరో మార్చేశారట."

"ఏమన్నారూ?"

"నువ్వు విన్నదే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, శుభ్రం చేద్దామని బెల్టు తొడుగులోంచి తీశాడు. తీసి అటూ ఇటూ తిప్పాడు. 'ఇది నాది కాదు' అన్నాడు. అంతే, మొదలు. సొరుగులన్నీ నేల మీద బోర్లించాడు. పిండి డబ్బా వెతికాడు. కోళ్ళ గూడు వెతికాడు. సోమవారం వంటింట్లో నా ఎదురుగా నిలబడి, దొంగా, ఎక్కడ దాచావు అన్నాడు. నన్ను! లైల్!"

"అది... ఇంకా ఆయన దగ్గరే ఉందా?"

"ఆయన దగ్గరే ఉంది. నేను జాగ్రత్త పడ్డాలే, ఆ సంగతి నీకెందుకు? నేనొచ్చింది దానికి కాదు. ఇదిగో, కళ్ళజోడు పెట్టుకుని ఇది చూడు."

"ఏమిటి, చీటీనా?"

"ఆయనే రాశాడు. నిన్న మధ్యాహ్నం, కాస్త తెలివిగా ఉన్నప్పుడు. అంకెలు వేసి మరీ రాశాడు, డెప్యూటీగా ఉన్న రోజుల్లో షెరీఫ్‌కి రిపోర్టు రాసినట్టు. 'నాదానికీ దీనికీ తేడాలు' అని పైన రాసి గీత కూడా కొట్టాడు చూడు."

"టీచర్, దీన్ని ఇక్కడ పెట్టి వెళ్ళండి. నేను తీరిగ్గా చూసి రేపు..."

"రేపు లేదు! నాలుగింటికి మా అబ్బాయి కర్ట్ వస్తున్నాడు, లింకన్ నుంచి. కాగితాలు తెస్తున్నాడు."

"ఏం కాగితాలు?"

"తాళం వేసే వార్డు. మతి చెదిరినవాళ్ళని పెట్టేది. నా కొడుకు చెడ్డవాడు కాదు వెండెల్, వాడి భయం వాడిది. నడుముకి తుపాకీ ఉన్న మనిషి పెళ్ళాన్ని దొంగ అంటుంటే ఒక్క వారం కూడా ఇంట్లో ఉంచనన్నాడు. డాక్టరు కూడా ఇంతే చెప్పాడు. వస్తువులు మార్చారంటారు, తర్వాత మనుషుల్ని మార్చారంటారు, ఆ తర్వాత ఇక వెనక్కి రావడం ఉండదు అన్నాడు. నేను సంతకం పెట్టాలి. నా సంతకం ఒక్కటే మిగిలింది."

"మరి ఈ చీటీ..."

"ఇందులో ఒక్కటి నిజమని తేలితే నేను సంతకం పెట్టను. ఒక్కటి చాలురా. ఈ మనిషి చెప్పేది అంతా గాలి మాట కాదు, ఈ తలకాయలో ఇంకా దీపం ఉంది అని కర్ట్‌కి చూపించడానికి ఒక్కటి కావాలి నాకు. అందుకని పద్దెనిమిది మైళ్ళు వచ్చా. చదువు."

"ఒకటి. బరువు తక్కువ. కోడిగుడ్డంత తక్కువ."

"ఊఁ?"

"టీచర్, వయసు మీద పడ్డాక చేతికి బరువు అంచనా ఉండదు. అందులో ఆయన..."

"పార్సిళ్ళు తూచేది ఉందిగా నీ దగ్గర? పెట్టు మొదటిది."

"ఇరవై ఏడు ఔన్సులు."

"మూడోది?"

"ఇరవై అయిదు."

"తేడా ఎంత?"

"రెండు."

"కోడిగుడ్డు ఎంత తూగుతుంది? మనం క్లాసులో తూచాం. నువ్వు ఒకటి కింద పడేశావు కూడా."

"...రెండు ఔన్సులు."

"ఇరవై ఏళ్ళు కోళ్ళు పెంచిన చెయ్యి అది."

"కానీ టీచర్, ఇది మొదటిదానికీ మూడోదానికీ ఉన్న తేడా. ఆయన దగ్గరున్నది మొదటిదే కదా. మొదటిదాన్ని పట్టుకుని మొదటిదానికంటే తేలికంటే లెక్క కుదరదు."

"అదే నాకూ అర్థం కావట్లేదు. రెండోది చదువు."

"వయసు వల్ల కూడా..."

"రెండోది చదవమన్నా."

"రెండు. స్లైడ్ మీద ముందు వైపు కూడా గీతలు ఉన్నాయి. నాదానికి వెనక మాత్రమే."

"స్లైడ్ అంటే ఏది?"

"పైన ఉంటుందే, వెనక్కి లాగే ఉక్కు ముక్క. లాగేటప్పుడు జారకుండా గీతలు పెడతారు."

"మొదటిదానికి వెనకే ఉన్నాయి. రెండోదానికీ వెనకే. మూడోదానికి... ఆఁ, ముందు కూడా ఉన్నాయి. దువ్వెన పళ్ళలాగా తగులుతున్నాయి వేలికి."

"ఉన్నాయి."

"మూడోది?"

"ట్రిగ్గర్ వేలికి బల్లపరుపుగా ఉంది. నాది వంగి ఉండేది."

"నేనే చూస్తా, నువ్వు చెప్పకు. ఇది వంగి ఉంది. ఇదీ వంగి ఉంది. ఇది బల్లపరుపు. వెండెల్..."

"చెప్పండి."

"లైల్ ఈ మూడోదాన్ని ఎప్పుడైనా చూశాడా?"

"పత్రికల్లో బొమ్మ చూసి ఉంటారు. వాళ్ళు పేజీలు పేజీలు వేస్తారు, పాతది ఇలా, కొత్తది ఇలా అని."

"నా పేరు గుర్తులేని మనిషికి పత్రికలో బొమ్మ గుర్తుందా?"

"కొందరికి అలా ఉంటుంది టీచర్, పాతవి పోయి..."

"ఈ మూడోది నిరుడే వచ్చిందని నువ్వే అన్నావు. రెండేళ్ళ నుంచీ ఆయన ఇల్లు దాటింది చర్చికీ, డాక్టరు దగ్గరికీ. ఇంకోటి కూడా ఉంది. సెప్టెంబర్లో ఇక్కడికి. శుభ్రం చేయిస్తానంటే నేనే దింపాను, పోస్టాఫీసు పని చూసుకునొచ్చి మళ్ళీ నేనే ఎక్కించుకున్నాను. చెవి వదులు."

"దురదండీ."

"నాలుగో తరగతిలో చేపల తొట్టి పగిలినప్పుడు కూడా నీకు చెవి దురదే పెట్టింది. నాలుగోది చదువు."

"వద్దు టీచర్."

"చదువు!"

"నాలుగు. పిడి అడుగున గాటు ఉంది. కానీ అది నా గాటు కాదు. ఎవరో ఈ మధ్య కావాలని ఆకురాయితో పెట్టారు."

"ఇది ఫోన్లో చదివి వినిపిస్తేనే కర్ట్ ఇక చాలమ్మా అన్నాడు. గాటు ఉందట, కానీ దొంగ గాటట! నేనూ ఏడ్చాను అది విని. లైల్ తుపాకీకి గాటు ఉందని నాకూ తెలుసు. హాల్వర్సన్ వాళ్ళ గేటు దగ్గర ఎద్దు తరిమినప్పుడు కంచె దూకుతూ పడేసుకున్నాడు. ఆ కథ మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ విన్నదే. గాటు ఉంటే అది ఆయనదే కదా? చెప్పు. ఒక తుపాకీకి ఎవరైనా పనిగట్టుకుని దొంగ గాటు పెడతారా?"

"ఈ మూడూ లోపల పెట్టేయనా టీచర్?"

"వెండెల్."

"పెడతారండీ."

"ఎవరు?"

"నేనే పెట్టాను."

"ఏమిటీ?"

"కూర్చోండి టీచర్. కూర్చోండి, ఆ స్టూలు మీద. చెబుతాను. సెప్టెంబర్లో శుభ్రం చేద్దామని విప్పితే లోపల చట్రానికి పగులు కనబడింది. సన్నగా, వెంట్రుకంత. ఇరవై ఆరేళ్ళు వాడిన వస్తువు, ఎవరి తప్పూ లేదు. మళ్ళీ పేలిస్తే చేతిలో ఏమవుతుందో చెప్పలేను. ఆయనకి చెబుదామని బయటికొచ్చాను. అప్పుడేమో ఆయన ఆ కుర్చీలో కూర్చుని మా నాన్న గురించి అడుగుతున్నారు, ఫ్రాంక్ భోజనానికెళ్ళాడా అని. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మనిషితో, మీ తుపాకీ కూడా పోయిందండీ అని ఎలా అనను?"

"అని?"

"కొత్తది కవలపిల్లలాగే ఉంది కదా. ఆ తొడుగులోనే సరిపోయింది. గాటు ఒక్కటే తక్కువైంది, అది కూడా పెట్టేశా. ఆయన మిగిలిన నాలుగు రోజులూ తన తుపాకీ తన దగ్గరే ఉందనుకుంటారని... ఆయనకి తెలియదులే అనుకున్నా."

"తెలియదులే అనుకున్నావు."

"అవునండీ."

"అందరమూ అదే అనుకున్నాం. నేనూ, నువ్వూ, కర్టూ, తెల్లకోటు వేసుకున్న ఆ డాక్టరూ. నాలుగు రోజులు వెండెల్! నాలుగు రోజుల నుంచీ ఆ మనిషి ఒక్కడే ఆ ఇంట్లో నిజం మాట్లాడుతున్నాడు. నేనేం చేశానో తెలుసా? చిన్నపిల్లాడికి చెప్పినట్టు, 'సరేలే నాన్నా, రేపు వెతుకుదాంలే' అన్నాను. నన్ను ఎలా చూశాడనుకున్నావు! దొంగా అన్నాడంటే అనడూ మరి? నేను అయితే ఇంకా పెద్ద మాట అనేదాన్ని."

"క్షమించండి టీచర్."

"నన్నెందుకు అడుగుతావు? ముందు చెప్పాల్సింది. నేను అడుగు పెట్టగానే చెప్పాల్సింది. బరువు అన్నప్పుడు చెప్పాల్సింది. వయసు, వయసు అని దాటేస్తావా!"

"భయపడ్డాను. కాగితాల మీద దాన్ని నా పేరున రాసుకున్నా. ఇంకొకరి చేతికివ్వాలంటే ఫారం నింపాలి, ఆయన సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టగలిగే స్థితిలో లేరు, అయినా ఇచ్చా. బయటికొస్తే నా లైసెన్సు పోతుంది. మా నాన్న పెట్టిన కొట్టు..."

"ఆయన్ని తాళం వేసిన గదిలో పెట్టడానికి ఇంకో అరగంట కూడా లేదు, నువ్వు కొట్టు సంగతి చెబుతున్నావు."

"వస్తానండీ. మీతో వస్తాను. కర్ట్ ముందు నేనే చెబుతాను, పోతే పోనీ. ఆగండి, కోటు తొడుక్కుంటా."

"నిజంగా?"

"నిజంగానే. చెయ్యి చూడండి, చెవి మీద లేదు."

"నీ ముఖం మండ! నాకు ఏడుపొస్తుంటే నవ్విస్తావు. పద. పొయ్యి మీద చిల్లీ మాంసం పెట్టి వచ్చా కర్ట్ కోసం, సన్నని సెగ మీద. నువ్వూ తిందువు గాని, దాల్చినచెక్క రొట్టెలు చేశాను. ఈ మాట వింటే లైల్ ముఖం ఎలా ఉంటుందో చూడాలి నాకు."

"ఇంట్లో ఇప్పుడు ఆయనతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. గంటేగా. తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి, బండి ఎక్కలేడు."

"తుపాకీ ఉంది కదా టీచర్, దాన్నెందుకు అక్కడ వదిలారు? మీతో తేవాల్సింది."

"ఒకసారి బీరువాలో పెట్టి తాళం వేశాను, గొడ్డలి పెట్టి తలుపు పగలగొట్టాడు. అందుకని ఆయన నాకు నేర్పిందే చేశాను. తూటాలుండే మేగజైన్ తీసేశా. ఇదిగో, నా సంచీలోనే ఉంది, నాలుగు రోజుల నుంచీ దీన్ని పక్కలో పెట్టుకునే పడుకుంటున్నా. ఆయనకి తెలియదు, ఎక్కడో పారేసుకున్నాననుకుంటున్నాడు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు, ఏ తుపాకీ కొన్నా ఇలాంటిదే కొంటాను, మేగజైన్ నీ జేబులో ఉంటే నా చేతిలో ఉన్నది ఉత్త రాయి అని. ఏమిట్రా, కోటు ఒక చేతికే తొడుక్కుని నిలబడ్డావు?"

"చీటీలో ఐదోది ఉంది."

"ఉంది."

"'సాక్షుల ముందు చూపిస్తాను' అని ఉంది. అంతే ఉంది. ఏం చూపిస్తారు?"

"నాకేం తెలుసు? పొద్దున అన్నాడు, నాలుగూ మీరు నమ్మరు, ఐదోది కళ్ళారా చూస్తే నోరు మూస్తారు, కర్ట్‌ని రానీ అని. నువ్వు కుర్రాళ్ళకి వేట క్లాసు చెప్పేటప్పుడు ఈయనొచ్చి చేసేవాడే, అదేనట."

"ఏది? ఏది చేసేవారు?"

"గట్టిగా అరవకు. అదే, మేగజైన్ తీసేసి, గొట్టం ఎడమ అరచేతికి ఆనించుకుని, ట్రిగ్గర్ లాగి 'చూశారా, రాయి' అనేవాడు. నాది అయితే రాయిలా ఉండాలి, కాకపోతే ట్రిగ్గర్ కదులుతుంది, టిక్కుమంటుంది, అప్పుడైనా నమ్ముతారా అన్నాడు."

"లోపల తూటా ఉందా? స్లైడ్ లోపల, గొట్టంలో? మేగజైన్ కాదు, గొట్టంలో!"

"ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా. డెప్యూటీలందరూ అంతే. దాన్ని తియ్యాలంటే ఆ పైది వెనక్కి లాగాలి, నా కీళ్ళ నొప్పులకి అది వస్తుందా? అయినా మేగజైన్ లేకపోతే..."

"టీచర్, మీ ఇంటి నంబరు."

"ఏమైంది?"

"నంబరు చెప్పండి! ఆ పాతదానికి లోపల తాళం ఉంది. మేగజైన్ తీస్తే ట్రిగ్గర్ చచ్చిపోతుంది. మొదటిదానికి ఉంది, రెండోదానికీ ఉంది. కొన్నవాళ్ళంతా అది వద్దు వద్దని గోల పెట్టారు. మూడోదానికి తీసేశారు. ఐదో తేడా అదే. ఆయన చేతిలో ఉన్నది మేగజైన్ లేకపోయినా పేలుతుంది."

"నాలుగు... ఆరు... దేవుడా, నా నంబరే నాకు... నాలుగు ఆరు ఏడు, రెండు, రెండు ఒకటి తొమ్మిది."

"మోగుతోంది. స్పీకర్లో పెట్టా."

"ఇప్పుడు టైమెంత?"

"ఇంకా పదిహేను నిమిషాలుంది."

"కర్ట్ ఎప్పుడూ ముందే వస్తాడు. చిన్నప్పట్నుంచీ ముందే వస్తాడు వాడు. తియ్యి లైల్, తియ్యి, ఫోను తియ్యి..."

"డెప్యూటీ వెటర్."

"మాట్లాడండి టీచర్! మాట్లాడండి!"

"నా వల్ల కాదు. నా మాట నమ్మడు, నేను నాలుగు రోజుల నుంచీ అబద్ధం ఆడుతున్నా ఆయన లెక్కలో. నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఎవరయ్యా లైన్లో? గుసగుసలేమిటి?"

"లైల్ గారూ, నేను వెండెల్‌ని. కుచెరా. తుపాకుల కొట్టు."

"ఫ్రాంక్ కొడుకువా? నీకు లెక్కలు రావంటుంది మా ఆవిడ."

"రావండీ. లైల్ గారూ, ఇప్పుడు మీ చేతిలో ఏముంది?"

"సాక్ష్యం."

"దాన్ని కాస్త కింద పెట్టి నా మాట..."

"తర్వాత చెయ్యి. బయట బండి ఆగింది, కుక్క అరుస్తోంది. నా సాక్షి వచ్చాడు. పెట్టేస్తున్నా."

"పెట్టొద్దు! లైల్ గారూ, అది మీది కాదు! మీరు చెప్పింది నిజం!"

"పెట్టేశాడేమోరా!"

"లైల్ గారూ? ఉన్నారా? పెట్టేశారా?"

"ఏమన్నావు?"

"అది మీది కాదండీ. సెప్టెంబర్లో మార్చింది నేనే. ఆ గాటు ఆకురాయితో పెట్టింది నేనే. గుడ్డంత తేలికన్నారే, నేను తూచాను, సరిగ్గా గుడ్డంతే. మీరు రాసిన ప్రతి అక్షరమూ నిజం."

"కర్ట్! బూట్లు తర్వాత విప్పుకో, ఇటు రా. ఇదిగో, ఫోను స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచా, వీడి మాట విను. మళ్ళీ చెప్పవయ్యా, గట్టిగా."

"మార్చింది నేనే కర్ట్. మీ నాన్న చెప్పింది ప్రతి మాటా నిజం."

"విన్నావా? ఇప్పుడు ఐదోది కూడా చూడు, ఇక ఏ అనుమానమూ ఉండదు."

"నాన్నా... నాన్నా, ఆ చెయ్యి అడ్డం తియ్యి. గొట్టం ముందు నుంచి చెయ్యి తియ్యి నాన్నా."

"నువ్వు అక్కడే నిలబడు. సాక్షి ముట్టుకోకూడదు."

"వెండెల్, ఏదైనా చెయ్యిరా, నాన్న వేలు ట్రిగ్గర్ మీద... ఏదైనా చెప్పరా!"

"లైల్ గారూ! అది మీదయితే మీ ఇష్టం. కానీ అది నాది. కాగితాల మీద నా పేరుంది. వెండెల్ ఫ్రాంక్ కుచెరా అని, నంబరుతో సహా ఉంది. మీకు ఇచ్చినట్టు ఎక్కడా లేదు."

"నీదా?"

"నాదే. చట్టప్రకారం నాది. లైసెన్సు పోయినా సరే, షెరీఫ్ ముందు కూడా ఇదే చెబుతాను."

"పరాయివాడి తుపాకీ, వాడు చెప్పకుండా నేను ముట్టుకోను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ముట్టుకోలేదు."

"తెలుసండీ. అందుకే అడుగుతున్నా. దాన్ని టేబుల్ మీద పెట్టండి. గొట్టం గోడ వైపు తిప్పి."

"పెట్టా."

"చేతులు తీసేశారా?"

"తీసేశానయ్యా, నాకు నేర్పుతావా?"

"కర్ట్, తీసుకో. లోపల తూటా ఉంది. స్లైడ్ వెనక్కి లాగు."

"...వచ్చింది. ఒకటి. టేబుల్ కిందికి దొర్లింది. అమ్మెక్కడుంది వెండెల్? ఇది ఉందా లోపల? ఇది లోపల ఉండగానే ఆయన..."

"తర్వాత మాట్లాడదాం కర్ట్. దాన్ని నీ దగ్గరే ఉంచు. ఆ కాగితాలు కూడా బండిలోనే ఉంచు. టీచర్... టీచర్, ఇటు చూడండి, ఊపిరి పీల్చండి. ఇలా పట్టుకోండి నన్ను. ఏం కాలేదు."

"నేనిక్కడున్నానని చెప్పకురా, చాటుగా వచ్చానని ఇంకా నొచ్చుకుంటాడు."

"ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?"

"ఎవరితోనూ కాదండీ. కొట్లో నేనొక్కణ్ణే."

"నాది ఎక్కడుంది?"

"నా పెట్టెలో ఉంది. అమ్మలేదు. చట్రం పగిలింది, వెంట్రుకంత."

"ఇరవై ఆరేళ్ళాయె. పగలదూ మరి? పారెయ్యకు."

"పారెయ్యను. పేలకుండా చేసి తెచ్చిస్తాను, మీ నడుముకే ఉంటుంది."

"ఫ్రాంక్ కొడుకా, ఇంకో మాట. మా ఆవిడ అటేమైనా వచ్చిందా?"

"...లేదండీ."

"వస్తే ఏమీ అనకు. మేగజైన్ తీసి సంచీలో దాచుకుంది, ఆదివారమే చూశాను నేను. తుపాకీ కోసం ఇల్లంతా తవ్వాను గానీ దాన్ని మాత్రం అడగలేదు. అది పక్కనుంటే తప్ప ఆ పిచ్చిదానికి కన్ను మూతపడట్లేదు."